మధుర పుదుమండపము: చావడియు, అంగడియు

(క్యాతగానచెర్లు చావడిలో జరిగిన మన సంఘపు సభయందు చేసిన ప్రసంగపు పాఠము)



నేను పండితుడను కాను. ఎస్సెస్సెల్సీ వరకు చదివి, ఆ మీదట తండ్రిగారి బట్టల కొట్టులో మీటరు బద్ద చేత పట్టినవాడను. కావున శిల్పశాస్త్రమును గూర్చి ప్రసంగింతునని మీరు భయపడ నక్కరలేదు. ఇప్పుడు మనము కూర్చున్న యీ చావడిలో అంగళ్ళుండవలెనా, ఉండకూడదా అను మాట రెండు నెలలుగా మన సంఘమున నలుగుచున్నది. ఇరుపక్షముల వారును నా ఇంటికి వచ్చి మాట్లాడిరి. ఆ తగవులోనికి నేరుగా దిగక, నేను కన్నులార చూచిన మఱియొక పెద్ద చావడి చరిత్రను ముందుగా మనవి చేసికొందును. అది తమిళదేశపు మధురలో నున్నది. కట్టించినవాడు తెలుగు రాజు. తరతరములుగా అందులో బేరము చేసినవారు మనవంటి చిన్న వర్తకులు.

నేను మొదటిసారి మధురకు పోయినది ఇరువదియేండ్ల వయసున, మా నాయన వెంట. సుంగుడి చీరల కొఱకు పోయితిమి. బట్టను చిన్న చిన్న ముడులుగా దారముతో బిగించి రంగులో ముంచి తీసిన, ముడి విప్పినచోట చుక్క నిలుచును, అదియే సుంగుడి. మధురలోని సౌరాష్ట్ర కుటుంబముల వారు ఆ పనిలో ప్రసిద్ధులు. బేరము కుదిరినది. మూటలు కట్టుటకు సాయంకాలమగునని చెప్పిరి. అంతలో అమ్మవారి దర్శనము చేసికొని వత్తమని మా నాయన నన్ను వెంటబెట్టుకొని పోయెను. దర్శనమైన పిదప తూర్పు గోపురము వెలుపలికి వచ్చి చిత్రవీధి దాటగానే ఎదుట ఒక పెద్ద రాతి మండపము. అదియే పుదుమండపము. చుట్టి చూచితిమి. ముఖస్తంభములపై రాతి గుఱ్ఱములు ముందరి కాళ్ళు పైకెత్తి మన మీదికి దుముకునట్లున్నవి. లోపల అడుగు పెట్టగా కుట్టు యంత్రముల చప్పుడు. కంబమునకు కంబమునకు నడుమ దర్జీలు, గాజులవారు, ఇత్తడి పాత్రలవారు, పసుపు కుంకుమలవారు, బొమ్మలవారు, పాత పుస్తకములవారు. నాయన బట్ట కొనియిచ్చెను. గంటన్నరలో నాకు జుబ్బా కుట్టి చేతికిచ్చిరి. నేను కూర్చున్న బల్ల వెనుక రాతి యాళి నోరు తెరచుకొని యుండెను. దాని కోరకు ఎవరో కొలత టేపును తగిలించియుండిరి.

గాజుల అంగడిలోని ముసలివాడు మా మాటలు విని తలయెత్తెను.

“ఎవూరు నాయనా మీది?”

“పావగడ తట్టు స్వామీ. పెనుగొండకు దగ్గర.”

పెనుగొండ యను పేరు వినగానే అతని ముఖము విప్పారినది. తన పెద్దలు ఆ ప్రక్కనుండియే వచ్చినట్లు ఇంట చెప్పుకొందురట. ఎన్ని తరముల క్రిందనో అతడు చెప్పలేకపోయెను. లేచి వచ్చి, చీరల మూటల వెనుక సగము మరుగుపడిన యొక రాతి విగ్రహమును మాకు చూపెను. పొట్ట కొంచెము ముందుకు వచ్చిన పెద్దమనిషి, చేతులు జోడించి నిలుచున్నాడు.

“అదిగో, మన రాజు. తిరుమల నాయకుడు. ఆయప్పకు తెలుగు వచ్చు. ఈ మండపంలో నాతో తెలుగు మాట్లాడేది ఆయప్ప ఒక్కడే.”

మా నాయన నవ్వెను. నేనును నవ్వితిని. ఊరు చేరిన పిదప ఆ మాట నాకు వేరొక విధముగా వినబడజొచ్చెను.

ఆ రాజును గూర్చి రెండు మాటలు. విజయనగర ప్రభువుల పక్షమున నాగమ నాయకుని కుమారుడైన విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధుర పాలనము చేపట్టెను. 1565 తరువాత రాయలకు రాజధానియైనది మన పొరుగుననున్న పెనుగొండయే. కావున ఒక కాలమున మధుర నుండి కప్పము చేరవలసిన కోట మనకు కూతవేటు దూరమున నుండెను. విశ్వనాథుని వంశము 1736 వరకు మధుర, తిరుచిరాపల్లి రాజ్యమును ఏలినది. తమిళుల నడుమ నుండియు వారి ఆస్థానములో తెలుగు నిలిచినది. కృష్ణదేవరాయల వృత్తాంతమును చెప్పు ‘రాయవాచకము’ విశ్వనాథ నాయని స్థానాపతి పేరున నున్నది. విజయరంగ చొక్కనాథుని కాలమున సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును తెలుగు వచనమున వ్రాసెను. తెలుగు వచనము అంత దూరమున పెరిగిన దనిన మన పిల్లలకు ఆశ్చర్యము కలుగవచ్చును.

ఆ వంశమున తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు రాజ్యమేలెను. రాజధానిని తిరుచిరాపల్లి నుండి మరల మధురకు తెచ్చినవాడు అతడే. మధురలో నేడు మనము చూచు పెద్ద మహలును, తెప్పకుళమును అతడే కట్టించెను. మీనాక్షి కల్యాణమును మాఘమాసము నుండి చైత్రమునకు మార్చినవాడు కూడ అతడే యని చెప్పుదురు. వర్తకుడనైన నాకు ఆ మార్పు వెంటనే అర్థమైనది. పంట యింటికి వచ్చి, చేతిలో నాలుగు కాసులుండి, పొలమున పనిలేని సమయమున ఉత్సవము పెట్టిన జనము వత్తురు; జనము వచ్చినచోటికి సరుకు వచ్చును. రాజు మనస్సులో నున్నది భక్తియో, బేరమో, రెండునో నేను చెప్పజాలను.

పుదుమండపము 1620లలో మొదలై 1630లలో ముగిసినది. దాని అసలు పేరు వసంత మండపము. వైశాఖమాసపు వసంతోత్సవములో అమ్మవారిని, స్వామిని గుడినుండి వేంచేపు చేసి చల్లని చోట నిలుపుటకై కట్టినది. ఎండల కాలమున చల్లదనమునకై మండపము చుట్టును లోతులేని కాలువవంటి తొట్టి కట్టి నీరు నింపెడివారు. గాలి ఆ నీటి మీదుగా లోనికి వచ్చును. పైన మందమైన రాతి కప్పు, ప్రక్కల గోడలు లేవు, క్రింద రాతి నేల. విద్యుత్తు లేని దినములలో ఇంతకన్న మంచి ఏర్పాటు ఎవరు చేయగలరు? గుడికి కొత్తగా చేరినది గనుక తమిళమున ‘పుదు’ మండపమనిరి. నాలుగువందల ఏండ్లు కావచ్చినను దాని పేరు నేటికిని కొత్త మండపమే.

కొలతలు చెప్పనిది మా వృత్తివారికి తృప్తి కలుగదు. పొడవు 333 అడుగులు, వెడల్పు 105 అడుగులు అని చెప్పుదురు. మన లెక్కలో సుమారు 32 గుంటలు, అనగా ఎకరమునకు ఎనిమిది గుంటలు తక్కువ. అంత మేర ఒకే రాతి కప్పు క్రింద నున్నది. నాలుగు వరుసల కంబములు, వరుసకు 31 చొప్పున మొత్తము 124. నాలుగు వరుసల వలన నిలువునా మూడు నడవలేర్పడినవి. నడిమి నడవ దేవుని ఊరేగింపునకు.

ఇప్పుడు అంగడివాని కంటితో చూడుడు. వరుసకు 31 కంబములున్న, వాని నడుమ 30 అంకణములుండును. 333 అడుగులను 30 చేత భాగించిన అంకణమునకు 11 అడుగుల చొప్పున వచ్చును. అందులో కంబపు మందము పోగా మిగిలినది ఒక మనిషి చాప పరచుకొని, ఎడమప్రక్క సరుకు, కుడిప్రక్క గల్లాపెట్టె పెట్టుకొని, ఎదుట ఇద్దరు గిరాకీలను నిలుపుకొనుటకు చాలిన చోటు. దేవుని కొఱకు పెట్టిన కొలత అంగడికి కూడ సరిపోయినది. మూరలలో, జానలలో కొలిచిన పాత కట్టడములన్నిటిలోను ఈ గుణమున్నదని నా అనుభవము. మనిషి చేతితో కొలిచినది మనిషికి సరిపోవును.

రాతి దూలముల విషయము. రాయి బరువును నెత్తిన మోయగలదు గాని, రెండు ఆనింపుల నడుమ ఎక్కువ దూరము సాగజాలదు, నడుమ విఱుగును. అందువలన శిల్పులు కంబము తలపై ముందుకు సాగిన రాతి చేతులను, అనగా బోదిగలను, ఒకదానిపై నొకటిగా నిలిపిరి. ఇరువైపుల నుండి అవి ముందుకు వచ్చుట వలన నడుమ ఖాళీ తగ్గును. తగ్గిన ఖాళీని రాతి పలకతో కప్పిరి. మన ఊళ్ళలో పాత రాతి మిద్దెలను ఎఱిగినవారికి ఈ ఉపాయము తెలియనిది కాదు. అక్కడ అది మహా పరిమాణమున నున్నది, అంతే. ఇనుము లేదు, సిమెంటు లేదు. బరువే బంధము.

కంబములన్నిటి మీదను శిల్పములే. శివుడు కాలు నిలువున పైకెత్తి ఆడు ఊర్ధ్వతాండవము, ఎదుట కాళి, మీనాక్షి కల్యాణము, కైలాసము నెత్తబోవు రావణుడు, సిద్ధుని చేతి చెఱకును తిను రాతి ఏనుగు, తల్లిలేని పందిపిల్లలకు పాలిచ్చుటకై పంది రూపము దాల్చిన శివుడు. ఈ చివరి రెండును మధుర స్థలపురాణ కథలు. పడమటి కొనయందు నల్లరాతితో నున్నగా చెక్కిన చిన్న మంటపమున్నది. ఉత్సవమూర్తులను నిలుపు స్థానము. నడిమి నడవకు ఇరుప్రక్కల మధుర నాయకులు పదిమంది తమ పరివారముతో నిలుచున్నారు. విశ్వనాథుడు మొదలు తిరుమలుని వరకు. రాజులు గర్భగుడికి దూరముగా, జనము నడచు దారిలో, చేతులు జోడించి నిలుచుట నాకు ఎంతయో నచ్చినది. మన కాలపు నాయకులు తమ బొమ్మలను ఎంత ఎత్తున నిలుపుకొందురో మీరెఱుగుదురు.

ఈ విగ్రహములను గూర్చి ఒక కథ చెప్పుదురు. చరిత్ర కాదు, అనుశ్రుతి. రాణి విగ్రహమును చెక్కుచుండగా తొడయొద్ద రాయి పెచ్చు లేచినది. శిల్పి దానిని తీసివేసి మఱియొకటి చెక్కబోగా, మంత్రియైన నీలకంఠ దీక్షితులు అట్లే యుండనిమ్మనిరట; రాణికి ఆ చోట మచ్చయుండునని వారికి సాముద్రిక జ్ఞానముచే తోచినదట. రాజు అనుమానించెను. దీక్షితులు అది తెలిసికొని, కర్పూరహారతితో తన కన్నులను తానే కాల్చుకొనిరట. పిదప అమ్మవారిని స్తుతించి చూపు తిరిగి పొందిరని కథ. నీలకంఠ దీక్షితులు మాత్రము కల్పన కాదు. ‘నీలకంఠ విజయము’, ‘ఆనందసాగర స్తవము’ వ్రాసిన సంస్కృత కవి. నేను ఆ పెచ్చును వెదకితిని. మొదటిసారి చీరల మూటలు అడ్డము. రెండవసారి నా చేయి అందలేదు.

మండపమునకు తూర్పున రాయగోపురమను మొండి గోపురమున్నది. పీఠము, ఒక్కొక్క రాతిలో చెక్కిన ద్వారస్తంభములు నిలిచినవి. పైన గోపురము లేదు. ఆ పీఠపు విస్తీర్ణమును చూచిన, పూర్తియైన యెడల ఎంత ఎత్తు లేచియుండునో ఊహింపవచ్చును. తిరుమల నాయకుడు ప్రారంభించినది అట్లే నిలిచిపోయినది. దాని చుట్టును కూడ పాత్రల అంగళ్ళు వెలసినవి.

ఇక మాట విషయము. ఆంగ్లేయులు ఈ మండపమును ‘తిరుమల నాయకుని చౌల్ట్రీ’ యనిరి. ఈ చౌల్ట్రీ యను మాట మన చావడి నుండియే పుట్టినదని నిఘంటువులు చెప్పుచున్నవి. తమిళదేశమున, తమిళపు పేరుగల మండపమును, ఆంగ్లేయుడు తెలుగు మాటతో పిలిచెను! 1792లో థామస్ డేనియల్, విలియం డేనియల్ అను చిత్రకారులు మధురకు వచ్చి దీనిని చిత్రించిరి. ఆ అచ్చుబొమ్మలు లండనులో ప్రచారమైనవి. 1858లో కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి మధుర కట్టడముల ఛాయాపటములను వెలువరించెను. అందుచేత మన తాతముత్తాతలు మధురను చూడకమునుపే లండను వారు ఈ చావడి కంబములను ఎఱిగియుండిరి.

వసంతోత్సవము ఏడాదిలో కొన్ని దినములే. మిగిలిన దినములలో 32 గుంటల నీడ ఖాళీగా నుండును. నీడయున్నచోట మనిషి నిలుచును, నిలిచిన మనిషికి ఏదో యొకటి కావలసివచ్చును. దర్శనమునకు వచ్చినవారికి గాజులు, కుంకుమ, పిల్లలకు బొమ్మ, బడిపిల్లలకు పుస్తకములు. క్రమముగా మూడువందల వరకు అంగళ్ళు చేరి, ఆలయమునకు బాడుగ చెల్లించుచు వచ్చినవి. చైత్రోత్సవములో అళగరు స్వామి వైగై నదికి వచ్చునప్పుడు భక్తులు వేసికొను రంగు రంగుల దుస్తులను కుట్టినవారు ఈ మండపపు దర్జీలు. వారిలో మహమ్మదీయులు అనేకులు. హిందువుల ఉత్సవపు వేషము మహమ్మదీయుని సూదినుండి వచ్చుట అక్కడ ఎవరికిని వింత కాలేదు.

దేవునికి అంగడి సొమ్ము చేరుట మన దేశమున మాత్రమే యున్న ఆచారము కాదు. తురుష్క సుల్తాను రెండవ మెహమ్మదు 1453లో కాన్‌స్టాంటినోపులును గెలిచిన కొలది కాలమునకే కట్టించిన కప్పు బజారు నేటికిని ఇస్తాంబులులో నడచుచున్నది. అప్పటి బాడుగ అయా సోఫియా మసీదు పోషణకు చేరెడిది. మనకు దగ్గరలో హంపి యున్నది. విరూపాక్షుని గుడి ఎదుట, ముప్పాతిక కిలోమీటరు పొడవున, వీథికి ఇరువైపుల రాతి కంబముల మంటపముల వరుసలు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు దోమింగో పాయిష్ అచటి బజారు వీథులలో కెంపులు, పచ్చలు, ముత్యములు, బట్టలు అమ్ముటను వర్ణించెను. పిమ్మట నగరము పాడుపడి, మంటపములలో బీదసాదలు కాపురములు, అంగళ్ళు పెట్టుకొనిరి. 2011 జులైలో అధికారులు వానిని తొలగించిరి. ఆ తరువాత నేను హంపికి పోయి ఆ వీథిలో నడచితిని. కంబములు శుభ్రముగా నున్నవి. తాగుటకు మంచినీరు అడుగుదమనిన మనిషి లేడు.

కాని తొలగించినవారి పక్షమున కూడ బలమైన మాటయున్నది. 2018 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి మీనాక్షి ఆలయములోని వీర వసంతరాయ మండపమందలి అంగళ్ళకు నిప్పంటుకొనెను. అదియు నాయకుల కాలపు కట్టడమే. ముప్పదికి పైగా అంగళ్ళు కాలినవి. రాతి కప్పు కొంత కూలినది. రాయి కాలదని మనము అనుకొందుము. నిజమే, కాలదు, పగులును. రాతిలోని కణములు వేడికి ఒకటొకటి ఒక్కొక్క విధముగా ఉబ్బును, దానిపై చల్లని నీరు పడినప్పుడు పెచ్చులుగా ఊడును. కర్పూరము, నూనె, ప్లాస్టిక్ బొమ్మలు, బట్టలు, గజిబిజిగా అల్లుకున్న కరెంటు తీగలు ఒకేచోట చేరినప్పుడు ఏమగునో అంగడివారమైన మనకు ఒకరు చెప్పవలెనా? కూలిన మండపమును మరల నిలుపుటకు నామక్కల్ ప్రాంతము నుండి రాయి తేవలసివచ్చినది. పని ఏండ్ల తరబడి సాగినది. నాలుగువందల ఏండ్ల కట్టడమునకు ఒక్క రాత్రి చాలినది.

ఆ మీదట ఆలయములలోని అంగళ్ళను వెలుపలికి పంపు నిర్ణయము వచ్చెను. పుదుమండపమువారికి సమీపముననే కున్నత్తూర్ ఛత్రమున్న స్థలమందు నగరపాలక సంస్థ కొత్తగా కట్టిన భవనములో చోటు చూపిరి. కొందరు వెంటనే పోయిరి, కొందరు పోనొల్లక చాలకాలము నిలిచిరి. తుదకు మండపము ఖాళీయై మరమ్మతులకు సిద్ధమైనది.

మొన్నటి ప్రయాణములో నేను ఆ కొత్త భవనమునకు పోయితిని. సిమెంటు గదులు, ఇనుప తలుపులు, వరుస సంఖ్యలు. నాకు జుబ్బా కుట్టిన దర్జీ ఎవరో గుర్తుపట్టలేకపోయితిని. ఒక దర్జీని పలుకరించితిని. అతడు అరవమున చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇది: వానకు భయము లేదు, దుమ్ము లేదు, దొంగ భయము లేదు, అయితే గుడినుండి వచ్చు గిరాకీ కాళ్ళు తమంత తాముగా మెట్లెక్కి రావు. గాజుల ముసలివాని అంగడి ఎక్కడ యని విచారించితిని. ఎవరును ఎఱుగరు.

మండపమును కూడ చూచితిని. తిరుమల నాయకుని విగ్రహమును పాదముల వరకు నేను చూచినది అప్పుడే. చీరల మూటలు లేవు, మేకులు లేవు, కోరకు వ్రేలాడు టేపు లేదు. శిల్పి పడిన శ్రమ కన్నులకు కట్టినది. ఇన్ని ఏండ్లు మా వర్తకజాతి ఇంత సౌందర్యమును సంచుల వెనుక దాచితిమి గదా యని సిగ్గుపడితిని. ఆ సిగ్గు నిజము. ‘అదిగో, మన రాజు’ అని వ్రేలితో చూపువాడు లేడను దిగులును నిజమే. ఈ రెండింటిలో ఒకదానిని విడిచి పెట్టుమనిన నా చేత కాదు.

ఇంకొక మాట చెప్పి మన ఊరికి వత్తును. మధురలోనే మదనగోపాలస్వామి ఆలయమున ఒక మండపపు చెక్కడపు రాళ్ళు కుప్పగా పడియుండెడివి. 1912లో అమెరికా నుండి యాత్రకు వచ్చిన ఎడెలిన్ పెప్పర్ గిబ్సన్ అను మహిళ వానిని కొని ఓడ నెక్కించెను. నేడవి ఫిలడెల్ఫియా నగరపు వస్తుప్రదర్శనశాలలో మండపముగా నిలిచియున్నవి. కుప్పగా పడియున్న రాళ్ళను అమ్మవచ్చును, కొనవచ్చును. దినమునకు వేయిమంది తొక్కు మండపమును ఎవరును మూటగట్టుకొని పోజాలరు. అంగళ్ళు పుదుమండపమును మరుగుపరచినమాట నిజము. అన్ని ఏండ్లు దానిని ఊరి నడుమ నిలిపిన వారిలో ఆ అంగళ్ళవారును లెక్కకు రావలెను.

ఇక మన చావడి. పదునారు కంబములు, ముందర అరుగు. శిల్పములు లేవు, ఒక కంబముపై హనుమంతుడు, ఇంకొకదానిపై చేప. అరుగుపై ఇప్పుడు మూడంగళ్ళున్నవి. దాచుటెందుకు, అందులో ఒకటి మా అన్న కుమారునిది. కావున నేను పలుకు ప్రతి మాటను మీరు ఆ లెక్కలో తూచి చూచుకొనవచ్చును. ఇంకను ఐదుగురు చోటు అడుగుచున్నారు. ఎందుకు అడుగుచున్నారో అందఱికి తెలిసినదే. మన ఊరును, తిరుమణి, వళ్ళూరు, రాయచెర్లు, బలసముద్రములను కలుపుకొని 13,000 ఎకరములలో సూర్యవిద్యుత్ క్షేత్రము వచ్చినది. భూమి గలవారికి ఏటేటా గుత్త చేరుచున్నది. ఆ భూములలో కూలి చేసినవారికి మునుపటి పని లేదు. కనుచూపు మేర గాజు పలకలే. వాని క్రింద నీడయున్నది గాని, ఆ నీడలో చాప పరచుకొనుటకు వీలులేదు. అట్టివారు ఈ చావడి నీడను అడిగిన, కట్టడము పాతదని చెప్పి పంపివేయుటకు నాకు మనసొప్పదు. అడిగినవారికందఱికి ఇచ్చి, కంబములకు మేకులు కొట్టించి, రేకులు దింపించి, ఒకనాడు నిప్పు పాలు చేయుటకును ఒప్పను.

నా సూచనలు ఇవి. కంబముల నడుమ లోపలి అంకణములలో అంగడి వద్దు, అరుగుమీద మాత్రమే. అరుగు కొలిచి ఎన్ని అంకణములు వచ్చునో అన్నియే అంగళ్ళు. ఇప్పుడున్నవారు ఒక్కొక్కరు అంకణమున్నర ఆక్రమించినారు, మా వాడు రెండు. అందఱును ఒక్కటికి తగ్గవలెను. అప్పుడు కొత్తవారిలో కొందరికైనను చోటు దొరకును. మిగిలినవారికి చావడి వెనుక ఖాళీస్థలమున సంఘపు ఖర్చుతో పందిరి వేయింతము, నా వంతు నేను పెట్టుకొందును. కంబమునకు మేకు కూడదు. పొయ్యి, గ్యాసు, నూనె పెనము కూడదు. బోండాల వారు వీథికి ఆవలి ప్రక్కకు పోవలెను. కరెంటు తీగ గొట్టములో పోవలెను, రాత్రి మీట కట్టవలెను. బాడుగ రసీదు సంఘపు పుస్తకములో వ్రాయవలెను. ఉగాదికి, శ్రీరామనవమికి రెండేసి దినములు అరుగు ఖాళీ చేయవలెను.

లోపలి అంకణములలో ఒకదానిని సాయంకాలము పిల్లలకు ఇవ్వవలెనని కోరుచున్నాను. బడిలో వారు కన్నడము నేర్చుకొనుచున్నారు, నేర్చుకొనవలసినదే. అది మనకు అన్నము పెట్టు రాష్ట్రపు భాష. ఇంట తెలుగు మాటలాడుచున్నారు గాని అక్షరము చదువలేకున్నారు. రోజుకొక గంట, ఒక దీపము, ఒక చాప. చెప్పుటకు నేను సిద్ధము. నా తప్పులు దిద్దుటకు పంతులుగారు సిద్ధమైన మేలు. రాతి బొమ్మ తప్ప తనతో తెలుగు మాటలాడువారు లేరని చెప్పుకొను ముసలితనము మన పిల్లలకు రాకుండుటకై ఈ కోరిక.

వచ్చు ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు కొలత టేపుతో నేనిక్కడ ఉందును. నా సూచనలను వద్దనువారును తప్పక రావలెను. టేపు రెండవ కొనను వారే పట్టుకొనవచ్చును. మా అన్న కుమారుని అంగడి నుండియే కొలుచుట మొదలుపెట్టెదము.